ఆరోగ్యవంతుల లెక్కలో మా వదిన

రక్తపరీక్ష రిపోర్టులో మన అంకె పక్కనే 'ఇంత నుంచి ఇంత వరకు ఉండాలి' అని ఇంకో అంకె ఉంటుంది. విజయవాడలో నేను టెక్నీషియన్‌గా పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌లో ఆ అంకెలు చాలాకాలం మిషను కంపెనీవాళ్ళు ఇచ్చిన కాగితంలోంచి తీసుకున్నవే. ఎక్కడో చలిదేశాల్లో ఎవరి రక్తమో చూసి వేసిన కొలతలు. మా ల్యాబ్ పెద్ద డాక్టరు మేడమ్‌కి అది నచ్చేది కాదు. "మన మనుషుల కొలత మనమే తీద్దామమ్మా" అని ఒకరోజు పని మొదలుపెట్టించారు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు చాలామంది కావాలి. వాళ్ళ ఫలితాలన్నీ వరుసగా పేర్చి, ఆ చివరా ఈ చివరా ఉన్న కొద్దిమందిని వదిలేస్తే మధ్యలో మిగిలేదే మామూలు. వినడానికి తేలికే. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఆసుపత్రికి ఎందుకొస్తారు? పటమటలో మా వీధివాళ్ళని అడిగితే, "ఒంట్లో బానే ఉంది గదండీ, ఊరుకున్నదాన్ని ఎందుకు కెలుక్కోవడం" అన్నారు. ఆసుపత్రి స్టాఫు, వాళ్ళ బంధువులు, పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్ళు కొందరు ఒప్పుకున్నారు. పొలం పని చేసుకునే ఆడవాళ్ళు మాత్రం ఒక్కరూ దొరకలేదు.

అప్పుడు మా వదిన గుర్తొచ్చింది. మా ఆయనకి అక్క. గుడివాడ అవతల కాలవగట్టు మీద ఊరు. గేదెల్ని మేపి, పాలకేంద్రానికి పాలు పోసి, మినుము రోజుల్లో పొలానికి పోయి, ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడే మనిషి. ఆవిడ మంచాన పడగా మా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఫోన్ చేసి సంగతి చెప్పి, రాత్రి తిన్నాక పొద్దున రక్తం తీసేదాకా ఏమీ తినకూడదన్నాను.

"ఉపవాసం మాకేం కొత్త? శుక్రవారం ఎటూ ఉపవాస ప్రార్థనేగా. ఆ పొద్దున్నే వచ్చెయ్యండి, నేను పోగేస్తా" అంది.

నిజంగానే పోగేసింది. మేము ఐసుపెట్టెలతో దిగేసరికి చర్చి పక్క రేకుల షెడ్డు నిండా ఆడవాళ్ళు. ఇష్టం లేకపోతే వెళ్ళిపోవచ్చని మేడమ్ అందరికీ చెప్పారు. సూది చూసి వెనక్కి జరుగుతున్నవాళ్ళని చూసి వదిన ముందుకొచ్చి కుర్చీలో కూర్చుంది.

"తియ్యమ్మాయ్. వీళ్ళు చూస్తారు" అని నాకే చెయ్యి చాపింది. రబ్బరు పట్టీ కడుతుంటే, "ఇంటికొస్తే కూర వడ్డిస్తావు గానీ, ఇక్కడ నా రక్తం తాగుతున్నావు" అంది. షెడ్డంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ భయపడలేదు.

ఫలితాలు వచ్చాక నాకు నవ్వు రాలేదు. వదిన హిమోగ్లోబిన్ బాగా తక్కువ. ఒంట్లో నిలవ ఉండాల్సిన ఐరన్ దాదాపు అడుగంటింది. ఆవిడ పోగేసిన వాళ్ళలో ఇంకా కొందరిది అదే పరిస్థితి.

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన డాక్టరొకరు, "ఇంతమందికి ఇలాగే ఉంది, అందరూ పనులు చేసుకుంటున్నారు. ఇక్కడ ఇదే నార్మల్ అనుకోవచ్చు కదా మేడమ్?" అన్నారు.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎక్కువమందికి ఉంటే అది మామూలైపోదండీ. వీళ్ళని కలుపుకుని కొలత వేస్తే, రేపు రక్తం లేని మనిషొస్తే మనమే బాగుందని పంపించేస్తాం. వీళ్ళని లెక్కలోంచి తీసేసి, వైద్యంలో పెట్టండి."

వదినకి ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. బస్సెక్కి వెళ్ళాను. అంతా విని, "అంటే, ఊరందర్నీ పోగేసిన నేనే లెక్కలోకి రానా?" అంది. పప్పు, గోంగూర పచ్చడి వేసి అన్నం పెట్టింది. నేను తింటుంటే గుమ్మంలో కూర్చుని గేదెల వైపు చూస్తూ ఉంది. అలా చూస్తూనే అడిగింది.

"గడ్డిమోపు ఎత్తితే గుండె దడదడలాడుద్ది. అది వయసు కాదా?"

"నీ వయసుకి కాదొదినా. నెలసరి ఎలా ఉంటోంది?"

"ఎలా ఉంటే ఏవుంది, అందరికీ అంతేగా" అని, గొంతు తగ్గించి చెప్పింది. ఏళ్ళ తరబడి విపరీతంగా పోతోంది. మా అత్తగారికీ అంతేనట. అడిగినవాళ్ళు లేరు, చెప్పాలని ఆవిడకీ తోచలేదు.

మరుసటి వారం విజయవాడ తీసుకొచ్చి ఆడవాళ్ళ డాక్టరుకి చూపించాను. గర్భసంచిలో చిన్న గడ్డ ఉంది, భయపడాల్సింది కాదు, మందులతో చూద్దామన్నారు. ఐరన్ బిళ్ళలు రాశారు. బిళ్ళ వేసుకునే వేళకి అటూ ఇటూ టీ తాగొద్దన్నందుకు వదిన నన్ను చాలా రోజులు క్షమించలేదు. "పాలు పోసేది నేను, టీ తాగేది ఊళ్ళోవాళ్ళు" అని ఫోన్ చేసి మరీ దెప్పేది. అలా దెప్పుతూనే, రక్తం తక్కువని తేలిన మిగతా ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, బిళ్ళలు మింగారో లేదో కనుక్కుని వచ్చేది.

కొన్ని నెలలకి ఆవిడ మొహంలో తేటదనం వచ్చింది. ఒకసారి మా ఇంటికొచ్చి, మూడో అంతస్తుకి లిఫ్టు ఎక్కకుండా నడిచొచ్చింది.

"ఎంత అలిసిపోయేదాన్నో ఇప్పుడు తెలుస్తోందే" అంది కూర్చుంటూ. "అప్పుడు అలుపని తెలీదు. బతుకంటే అంతే అనుకున్నా."

నేను మంచినీళ్ళు ఇచ్చాను.

మా కొలతలు పూర్తయ్యాక, ఫలితం చెప్పడానికి, బిళ్ళలు వాడుతున్నవాళ్ళ రక్తం మళ్ళీ తీసి చూడడానికి మేడమ్ నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు మళ్ళీ వెళ్ళారు. చాలా పరీక్షల్లో కంపెనీ అంకెలకీ మా అంకెలకీ పెద్ద తేడా రాలేదని, కొన్నింటికి మాత్రం మార్చుకున్నామని చెప్పారు. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో వదిన లేచి, "మరి మా మరదలి రక్తం ఎవరు తీశారండీ?" అని అడిగింది.

ఎవరూ తీయలేదు. అందరి చేతులకీ పట్టీలు కట్టడంలో నా సంగతి ఎవరికీ తట్టలేదు. వదిన నా రెక్క పట్టుకుని కుర్చీలో కూలేసింది. మేడమే నవ్వుకుంటూ తీశారు.

నాది బాగానే వచ్చింది. ఆ మాట ఫోన్లో చెబితే, "రాదూ మరి? ఇంటి చాకిరీ అంతా మా తమ్ముడేగా చేసేది" అంది.