గోబర్ గ్యాస్ మీద కాగిన చాయ్

మా ఊరి తొలి గోబర్ గ్యాస్ పొయ్యి వెలిగిన నాడు గ్రామస్థులంతా నా ఇంట తేనీరు సేవించారని అప్పట్లో పత్రికలో వార్త వచ్చింది. అది నిజం కాదు గనుక ఇది రాస్తున్నాను.

ఎనభైల తొలినాళ్లలో దుమ్ముగూడెం దగ్గరి పల్లెలో నేను ప్రధానోపాధ్యాయుణ్ణి, ఒంటరివాణ్ణి. నా ఇంట పెట్టించిన ఆ పొయ్యి వంకనైనా నలుగురు వచ్చి కూర్చుంటారని ఆశపడి, నీలిమంట మీద చాయ్ కాచి అందరికీ పోశాను. ఎవరూ ముట్టలేదు.

“మీరు పిడకల మీద వండుకోవడం లేదా?” అని అడిగాను.

“పిడక ఎండుతది సారూ. గిది పచ్చి పేడ గాలి. ముందు మీరు తాగుండ్రి. రేపటికి మంచిగుంటే మేం తాగుతం,” అన్నది పొరుగింటి లచ్చమ్మ. అందరూ నవ్వుతూ వెళ్లిపోయారు.

చల్లారిన గ్లాసులన్నీ నేనే ఖాళీ చేశాను. మర్నాడు క్షేమంగానే ఉన్నాను. చూడడానికి ఎవరూ రాలేదు.

ఆనాడు ఒక్కరైనా తాగి ఉంటే, నా పొరపాటు సరిదిద్దుతూ రాయవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.