నరం చూపించిన డాక్టరమ్మ

ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు. నాంపల్లిలో ఒక దవాఖానలో నాన్న స్పృహలేకుండా ఉన్నప్పుడు సెలైన్ ఆపించిన డాక్టరమ్మ.

"బీపీ పడిపోయిందంటున్రు, మళ్ల బాటిల్ బంద్ చేసిన్రేంది మేడం?" అని గొడవపెట్టుకున్నాను. ఆయనకని అబిడ్స్‌లో కొన్న మరో సెలైన్ సీసాను సంచిలోంచి తీసి చూపించాను.

ఆమె కోప్పడలేదు. నాన్న పొట్ట మీద జెల్లు రాసి, స్కానింగ్ తెరను నావైపు తిప్పింది.

"నా మాట నమ్మకు బిడ్డా, నువ్వే చూడు. గీ నల్లగున్నది గుండెకు పోయే పెద్దనరం. ఊపిరి తీస్కున్నా ముడుచుకుంటలేదు, నిండుగున్నది. ఇంకా ఎక్కిస్తే నీళ్లు ఊపిరితిత్తులల్లకు దిగుతయ్. అది ముడుచుకున్ననాడు మళ్ల ఎక్కిద్దాం."

రోజూ అలాగే తెర తిప్పి చూపించేది. మూడోనాడు ఊపిరితోపాటు నరం ముడుచుకోవడం ఆమెకన్నా ముందు నేనే చూశాను.

ఆమె చెయ్యి చాపింది.

"ఇప్పుడియ్యి, నీ సంచిలున్న సీసా."