బేరమాడని మనిషి

తిరుత్తణి స్టేషన్లో ఒకాయన భార్యతో, సామాన్ల మూటలతో చెన్నై రైలు కోసం కూర్చున్నాడు. కాపురం మారుస్తున్నారట. దగ్గర్లోని తిరువళ్లూరికైనా కాపురం మారుద్దామని మా ఆవిడ ఏళ్లుగా అడుగుతోంది. అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి కదా, ఆమెతోనూ బేరమాడుతూనే ఉన్నాను.

"కొత్త ఇంటి బాడుగ తగ్గించమని అడిగినావా అన్నా?" అన్నాను.

"లేదు. ఇల్లు బాగుందని ఈమె అనింది, సరే అనేసినా."

"బాగా మోసపోయినావే."

"పోతే పోనీలే అన్నా," అని భార్య వైపు చూసి నవ్వాడు.

నేను కొత్తిమీర కట్ట కూడా చెప్పిన ధరకు కొనలేదు. ఈయన ఊరు మారడాన్ని ఒక్క మాటతో తేల్చేశాడు.

ఇంటికొచ్చి, తెలివిలేనివాణ్ణి చూశానంటూ మా ఆవిడకు అంతా చెప్పాను.

ఆమె నవ్వలేదు. "ఆయమ్మ పెట్టి పుట్టింది," అనింది.