కోతులెక్కని చింతచెట్టు

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఎవరికైనా గాలి సోకిందంటే చాలు, చర్చి మెట్ల మీదే వాదనకి దిగేవాణ్ణి. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను అనే, ఈ సంగతి ఎవరితోనూ అనలేదు.

మా జగ్గయ్యపేటలో జమీందార్ల నాటి తోట ఒకటి పార్కుగా మారింది. వాకింగుకి వచ్చేవాళ్ళూ, షటిల్ ఆడేవాళ్ళూ, వాళ్ళ సంచులు లాక్కుపోయే కోతులూ అక్కడ ఎప్పుడూ ఉంటారు. మధ్యలో పాత చింతచెట్టు. కాయలు విరగకాసినా ఒక్క కోతీ దాన్ని ఎక్కదు.

మా ఆవిడ సువార్తని ఒకసారి కోతి కరిచింది. గాయం మానింది గానీ భయం పోలేదు. గుమ్మం దాటేది కాదు, ఆదివారం ప్రార్థనకి కూడా రానంది. బతిమాలి ఆ చెట్టు కిందికి తీసుకెళ్ళాను. కోతులు దగ్గరికి రాలేదు. చాన్నాళ్ళకి తను నవ్వింది. ఇక రోజూ అక్కడే కూర్చునేది.

నాకు కుతూహలం ఆగక, ఒక మధ్యాహ్నం ఆ నీడలో అరటిపళ్ళు పెట్టి చూశాను. కోతులు నీడ అంచు దాకా వచ్చి కూర్చున్నాయి. పొద్దు వాలి నీడ జరిగేకొద్దీ దానికి అడ్డొచ్చినవి వెనక్కి జరిగాయి. నీడ వదిలేసిన పళ్ళు మాత్రం ఇట్టే మాయం. మందేదో చల్లారనుకుందామంటే, మందు నేలకి అంటుతుంది గానీ నీడకి అంటదు కదా.

ఎండాకాలం సువార్త డాబా మీద వడియాలు పెడుతుంటే, పిట్టగోడ మీది కోతులు తనని చూసి దిగిపోయాయి.

"చూశారా, ఇప్పుడవే నాకు భయపడుతున్నాయండీ" అని మురిసిపోయింది.

నేనూ సంతోషించాను. తర్వాత ఇంట్లో తిరిగే పిల్లి రావడం మానేసింది. తను గింజలు చల్లితే పిచ్చుకలు వాలేవి కావు, నేను చల్లితే వాలేవి. పార్కుకి వెళ్ళడం మానిపించాను. ఏమీ మారలేదు.

ఆమధ్య నందిగామ నుంచి మా అమ్మాయి పిల్లాణ్ణి తీసుకొచ్చింది. వాడికి అప్పుడప్పుడే నడక. అమ్మమ్మంటే ప్రాణం. సువార్త వాకిట్లో సాయంత్రపు ఎండలో చేతులు చాచి నిలబడింది. వాడు తూలుకుంటూ పరిగెత్తి, అమ్మమ్మ నీడ అంచు దగ్గర ఆగిపోయాడు.

"రా నాన్నా" అంది.

వాడు కదల్లేదు. నిద్రమత్తేమోలే అంది మా అమ్మాయి. సువార్త చాచిన చేతులు దించలేదు. నేను తన భుజం పట్టుకుని మసకగా ఉన్న ముందుగదిలోకి నడిపించి కూర్చోబెట్టాను. అక్కడ తన నీడ పడదు. వాడు నేరుగా వెళ్ళి ఒళ్ళో కూర్చున్నాడు.

ఇదేమిటో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. మనవడు వస్తున్నాడని ఫోన్ రాగానే నేను లేచి కిటికీలన్నీ మూసేస్తాను. ఎందుకని సువార్త ఒక్కసారి కూడా అడగలేదు.