వెనక వరుస తీగలు

ఈ మధ్యాహ్నం నేనొక మనిషిని మోసం చేశాను. నలభై ఏళ్ల నాటి స్నేహితుణ్ణి, ఆయన జుమ్మా నమాజుకి వెళ్లిన ముప్పావు గంటలో, ఆయన ఇంట్లోనే కూర్చుని.

ఆయన బెజవాడ వన్ టౌన్‌లో మగ్గం పని చేస్తారు. పెళ్లి జాకెట్ల మీద జరీ, పూసలు కుడతారు. నేను పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరై, ఇప్పుడు కంకిపాడులో ఉంటున్నాను. మా ఇద్దరినీ కలిపింది రెండు రెక్కల విమానాలు. వందేళ్ల కిందట ఎగిరిన రకం: ఒకదాని పైన ఒకటి రెక్కలు, వాటి మధ్య పుల్లలు, ఆ పుల్లల మధ్య ఐమూలగా లాగి కట్టిన తీగలు. వాటి చిన్న నమూనాలు కిట్లుగా దొరుకుతాయి. ప్లాస్టిక్ ముక్కలు విడదీసి, అంచులు గీకి, అంటించి, రంగు వేసుకోవాలి. పూర్తయ్యాక విమానం దోసిట్లో పడుతుంది.

మొదటి కిట్ నాకు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికింది. పెట్టె మూలలు నలిగిపోయాయి, లోపలి సూచనల కాగితం నాకు రాని భాషలో ఉంది. అప్పట్లో నేను ఆయన పక్క వాటాలో అద్దెకుండేవాణ్ణి. బొమ్మల్ని బట్టి ముక్కలన్నీ అంటించాను గానీ తీగల దగ్గర ఆగిపోయాను. కుట్టు దారం కడితే నూగు లేచి, బావి చేదకి కట్టిన తాడులా కనబడింది. పక్క వాటా తలుపు తట్టి సన్న దారమేదైనా ఉందా అని అడిగాను. ఆయన పూసలు గుచ్చే నైలాన్ దారం తెచ్చి, విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మీరు కడితే రెక్కలూడిపోతాయి మాస్టారూ. ఇటివ్వండి."

ఆ రోజు నుంచి అంటించడం, రంగులు నావి. తీగలు ఆయనవి. ఎన్ని విమానాలు చేసినా ఆ పంపకం మారలేదు.

రంగు వేసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, లేకపోతే దుమ్ము లేచి తడి రంగు మీద వాలుతుంది. మే నెలలో, బెజవాడలో, ఫ్యాన్ ఆపుకుని కూర్చున్న మా ఇద్దర్నీ చూసి ఆయన భార్య, వీళ్లకి కోర్టులో ఏమన్నా శిక్ష పడిందా అని నవ్వేది. ఒకసారి నా నుదుటి చెమట చుక్క పై రెక్క మీద పడి మచ్చ కట్టింది. అది యుద్ధంలో తగిలిన దెబ్బ అని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాం. ఇంకోసారి, రెక్కల మీద అంటించే గుర్తుల కాగితాన్ని జిగురు కోసం బొద్దింకలు కొరికేశాయి. నేను దిగులుపడి కూర్చుంటే ఆయన బ్రష్షు తీసుకుని, జాకెట్ మీద పువ్వుకి గుండ్రం గీసినంత తేలిగ్గా, నాలుగు వలయాలు గీసేశారు. అచ్చువేసిన వాటికంటే అవే బాగున్నాయి.

వానాకాలం వచ్చేసరికి మా విమానాల తీగలు కొంచెం సడలేవి. వెలిగించిన అగరుబత్తిని దారానికి తగలకుండా దగ్గరగా జరిపితే ఆ వేడికి దారం బిగుసుకుంటుంది. ఆ కిటుకు ఆయనే కనిపెట్టి నాకు నేర్పారు. ఇవాళ దాంతోనే ఆయన్ని మోసం చేశాను.

కిందటి నెల ఆయనకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండో కన్ను ఇంకా మబ్బుగానే ఉంది. ఈలోగా రెండు వీధుల అవతల ఉండే ఒకావిడ తన కూతురి పెళ్లి జాకెట్ కుట్టమని అడిగింది. ఒప్పుకోవాలా వద్దా తేల్చుకోలేక, ఆయన నేను రంగు వేసి ఇచ్చిన విమానానికి వారం పాటు కూర్చుని తీగలన్నీ కట్టి, నన్ను రమ్మన్నారు.

"ఇవి సరిగ్గా ఉంటే జాకెట్ ఒప్పుకుంటా, లేకపోతే లేదు. నా కళ్ల మీద నాకు నమ్మకం కుదరట్లా మాస్టారూ. మీరు చూసి చెప్పండి" అని టోపీ పెట్టుకుని మసీదుకి వెళ్లారు.

ముందు వరుస తీగలు ఎప్పటిలాగే ఉన్నాయి. వెనక వరుసలో ఏడు వదులుగా ఉన్నాయి, అందులో రెండు వేలాడుతున్నాయి. ఒక కంటితోనే చూస్తున్న మనిషికి ఏది దగ్గరో ఏది దూరమో అందలేదు. నేను లేచి గూట్లోని అగరుబత్తి వెలిగించి, ఏడింటినీ బిగించాను.

జాలితో చేశానని రాసుకోవచ్చు. జాలి ఉంది కూడా. కానీ నా సంగతి నాకు తెలుసు. క్లాసులో కుర్రాళ్ల షీట్ల మీద గీత వంకరగా కనిపిస్తే, తప్పేమిటో చెప్పకుండా రబ్బరుతో చెరిపి నేనే గీసేసేవాణ్ణి. షీటు అందంగా వచ్చేది, వాడికి ఏమీ వచ్చేది కాదు. సర్వీసంతా అలాగే చేసి, దాన్ని శ్రద్ధ అనుకున్నాను.

ఆయన వచ్చి విమానాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు. బాగుందా అని అడిగారు. బాగుంది భాయ్, ఎప్పటిలాగే ఉంది అన్నాను. ఆయన మొహం వెలిగింది. అన్నం తినే వెళ్లాలని పట్టుబట్టి, దగ్గర కూర్చుని వడ్డించారు. తిన్నాను.

బస్సు పోరంకి దాటుతుండగా ఆయన కూతురు ఫోన్ చేసింది. నాన్న జాకెట్ ఒప్పుకున్నారని, గుడ్డ తెప్పించి అప్పుడే మగ్గానికి బిగిస్తున్నారని చెప్పింది. "మీరు చూసి బాగుందన్నారట కదా అంకుల్. మాకందరికీ ధైర్యం వచ్చింది" అంది. తరవాతి స్టాపులో దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్లే సిటీ బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి ఆయన మగ్గం ముందు కూర్చుని సూదిలో ఎక్కించిన దారానికి మైనం రాస్తున్నారు. గుడ్డలో ఇంకా సూది దిగలేదు. నిలబడే చెప్పాను. ఆయన మైనం రాస్తూనే అడిగారు.

"ఎన్ని?"

"ఏడు భాయ్. అన్నీ వెనక వరుసవే."

"ముందువి?"

"ముందువి నేను ముట్టుకోలేదు. అవి మీరు కట్టినవే, బాగున్నాయి."

ఆయన సూదిని సూదుల దిండుకి గుచ్చారు. "మీ కాలేజీ పిల్లల గీతలు చెరిపినట్టు నా పని కూడా చెరిపేశారన్న మాట" అన్నారు. కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. ఆ పైన, ఇంకా నెమ్మదిగా, "రెండో కన్ను కూడా అయ్యేదాకా ఆగుదును కదా మాస్టారూ. ఇప్పుడు ఆవిడకి మాటిచ్చేశాను" అన్నారు.

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆయన ఎరగరు. అందుకని ఆవిడ దగ్గరికి నేనే వెళ్తానన్నాను. ఆయన ఇంటి గుర్తులు చెప్పారు.

పెళ్లికూతురి తల్లికి జరిగిందంతా చెప్పాను. ఆయన పరీక్ష పెట్టుకున్నారని, నేను దాన్ని పాడుచేశానని, తప్పు మాట నాదేనని. పెళ్లికి మూడు వారాలే ఉందండీ, ఇప్పుడెవరు ఒప్పుకుంటారు అని ఆవిడ తల పట్టుకుంది. ఆగడం ఆవిడకి కుదరదు. నా వెంటే వచ్చి, మగ్గం మీంచి గుడ్డ విప్పించుకుని, "ఆయన్ని నేనేమీ అననండి. మిమ్మల్నే అంటాను" అని వెళ్లింది. ఆ పని ఆయన చేతినుంచి పోయింది. నేను ముందే నిజం చెప్పి ఉంటే ఆయన మర్యాదగా కాదనేవారు. ఇలా ఖాళీ చట్రం ముందు కూర్చోవాల్సి వచ్చేది కాదు.

ఇంకా వెలుతురుంది. బల్ల మీద విమానం తీసి, బ్లేడుతో నేను బిగించిన ఏడు తీగలూ ఒక్కొక్కటే కోశాను. విమానాన్ని ఆయన ముందు పెట్టి, దారపుండ ఇచ్చి, నా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నా వైపు చూసి, మొదటి దారం ఎక్కించారు.

మొదటిది సరిగ్గా వచ్చింది, వచ్చిందని చెప్పాను. రెండోదీ వచ్చింది. మూడోది ఆయన ముడి వేసి, దారం కొస కత్తిరించి, నా మొహం కేసి చూశారు.

"వదులుగా ఉంది భాయ్" అన్నాను.