నేను మార్చని మాట

2003 ఆగస్టు పదో తేదీ, ఆదివారం, ఉదయం పది గంటలకు నేను ఒక మనిషి రహస్యాన్ని అతని ఎదుటే నలుగురి ముందు పరిచాను. అతని పేరు చెప్పలేదు. గొంతు పెంచలేదు. ఆ బరువు ఇన్నేళ్లుగా నాతోనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో అనంతపురంలో మేము ఐదుగురం మనోవిశ్లేషణ సాధన చేసేవాళ్లం. ఆదివారాలు గురువుగారి మేడగదిలో కలుసుకునేవాళ్లం. ఒకరు తమ రోగి గురించి చదవాలి. మిగిలినవారు ఆ మనసులో ఏం జరుగుతున్నదో చర్చించాలి. చర్చ ముగిసేదాకా చదివినవారు మౌనంగా ఉండాలి, ఎవరైనా వివరం అడిగితేనే జవాబివ్వాలి. రోగిని ఎవరూ గుర్తుపట్టకుండా పేరు, ఊరు, వృత్తి, అవసరమైతే ఆడా మగా కూడా మార్చాలి. బాధను మాత్రం మార్చకూడదు. ఈ నియమాలను నా అంత శ్రద్ధగా పాటించినవారు ఆ గదిలో లేరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఎలా కూర్చోవాలో, ఎప్పుడు మాట్లాడాలో ఎవరైనా నియమంగా చెబితే నాకు ధైర్యంగా ఉండేది.

మాలో ఒకరు డాక్టరు. పట్నంలో పేరున్న వ్యాపార కుటుంబం. చురుకైనవాడు, నవ్వించేవాడు. నేను మొదటిసారి చదివిన కేసు ముదిగుబ్బ దగ్గర ఒక వేరుశనగ రైతుది, పేరూ ఊరూ మార్చే చదివాను. వేయించిన బోర్లన్నీ ఎండిపోయాక ఆయన మాట్లాడటం మానేశాడు. భార్యతో మాట్లాడడు. గొర్రెలను అదిలించడానికైనా నోరు తెరవడు. నేను చదవడం ముగించగానే డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమప్పా, దీనికి మనమెందుకు? ఇంగో బోరు ఏయించు. నీళ్లు పడితే మాట అదే వస్తాది."

అందరూ నవ్వారు. గురువుగారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రైతు మా నాయన.

సొంతవాళ్లను రోగిగా చూపడం తప్పని నాకు తెలుసు. అయినా ఎందుకు చదివాను? ఇంత చదువుకున్నవాళ్లలో ఒక్కరైనా ఆ మౌనానికి అర్థం చెబుతారని, ఆ అర్థాన్ని ఇంటికి తీసుకుపోవచ్చని ఆశపడ్డాను. ఒక నవ్వు తీసుకుపోయాను.

డాక్టరు ఆ తర్వాత కూడా నాతో స్నేహంగానే ఉన్నాడు. తాను ఏమన్నాడో అతనికి గుర్తే లేదు. అదే నన్ను ఎక్కువగా కాల్చింది.

వారానికొకసారి అతని కారులో కొత్తచెరువుకు వెళ్లి, అక్కడ ఒక గది తీసుకుని రోగులను చూసేవాళ్లం. ఒకనాడు తిరిగి వస్తూ అతను కారు పక్కకు ఆపాడు. చదువుకునే రోజుల్లో అతని తల్లి చాలాకాలం మంచాన ఉండి చనిపోయిందట. చివరి రోజు అతను పక్కగదిలో రేడియో వింటున్నాడు.

"రవ్వన్ని నీళ్లియ్యిరా అని అమ్మ పిలిచినట్టు గుర్తుండాది. రేడియో పెంచినట్టూ గుర్తుండాది. ఏది ముందో గుర్తు లేదప్పా. పోయి చూస్తే అమ్మ లేదు. నువ్వు గాబట్టి చెప్పినా."

అతని భుజం మీద చేయి వేశాను. ఆ క్షణంలో నా మనసులో కలిగింది జాలి కాదు. నీళ్లు, అనుకున్నాను. ఇతనిదీ నీళ్ల కథే.

ఇక ఆ ఆదివారం. నేను చదివిన కేసు ఒక దర్జీ స్త్రీది. తల్లిని తండ్రిని చేశాను, రేడియోను కుట్టుమిషను చేశాను. జబ్బుపడిన తండ్రి పిలుస్తుంటే ఆమె మిషను తొక్కుతూ ఉండిపోయింది. అన్నీ నియమం ప్రకారమే మార్చాను. "రవ్వన్ని నీళ్లియ్యి" అన్న పిలుపును మాత్రం మార్చలేదు. మరిచిపోయి కాదు. ఆ మాట దగ్గర కొంచెం ఆగి మరీ చదివాను.

డాక్టరు వేళ్ల మధ్య తిరుగుతున్న పెన్ను ఆగిపోయింది.

చర్చ మొదలైంది. ఆమె తండ్రి చావును కోరుకుందని ఒకరన్నారు. మిషను మోత ఆమె కోపమేనని మరొకరు. ఎవరి కేసో తెలియక వాళ్లు చెబుతున్న ఒక్కొక్క మాటనూ నేను తలవంచుకుని, ఆకలిగొన్నవాడు ముద్ద మింగినట్టు మింగాను. చివరికి గురువుగారు, "ఏం డాక్టర్, ఈరోజు మీరు నోరే విప్పలేదు?" అన్నారు.

అతను నావైపు చూశాడు.

"ఒగటి చెప్పప్పా. ఆయమ్మ పిలుపు ఇన్నాక తొక్కిందా? ముందునుంచే తొక్కుతాండెనా?"

తెలియదు అనడమే నిజం. ఆ తెలియకపోవడం మీదనే అతను ఇన్నేళ్లు బతికాడు. అది నాకు తెలుసు.

"ఇన్నాకే సార్. ఇన్నది గాబట్టే గట్టిగా తొక్కింది."

"నీకెట్ల తెలుసు?"

"నన్ను నమ్మి చెప్పింది సార్."

"నమ్మిందా," అన్నాడు. కూజాలోంచి గ్లాసులోకి నీళ్లు వంచుకున్నాడు. తాగలేదు.

మా నాయన సంగతి అతనికి ముందే చెప్పి ఉంటే? సిగ్గుపడేవాడు, బహుశా ముదిగుబ్బ దాకా వచ్చి ఆయన పక్కన కూర్చునేవాడు. అంత మంచితనం అతనిలో ఉందని నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. నాకు అతని క్షమాపణ అక్కరలేదు, దెబ్బకు దెబ్బ కావాలి. ఆ రోజు ఊరికి వెళ్లి మా నాయన పక్కన కూర్చుని కడుపునిండా తిన్నాను. ఆ తీపి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పశ్చాత్తాపమంటే అది పోవడమే అయితే, నాకింకా అది రాలేదు.

డాక్టరు మళ్లీ ఆ మేడగదికి రాలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మందులు రాసి పంపడమే తప్ప, రోగులను కూర్చోబెట్టి వినడం మానేశాడని విన్నాను. కొత్తచెరువు గది మూతపడింది. మాకోసం వచ్చేవాళ్లు ఏమయ్యారో నేను కనుక్కోలేదు. మా నాయన చివరిదాకా మాట్లాడలేదు. పిలుపు ముందా రేడియో ముందా అన్నది నాకు తెలియదు, ఆనాడు నేను చెప్పింది అబద్ధం. ఈ వాక్యం రాయడం ఇదే మొదటిసారి.