మస్తాన్ కొట్టిన పది టైర్లు

2022 ఎండాకాలం. బోగోలులో రోడ్డు పక్కన నా రేకుల షెడ్డు. ముప్పై ఏళ్లుగా లారీల టర్బోలు విప్పి బాగుచేయడమే నా పని. అంతకు ముందు డీజిల్ పంపులు చూసేవాణ్ణి. చదివింది ఐదో తరగతి. తక్కినదంతా ఇంగ్లీషు పుస్తకాల్లో బొమ్మలు చూసి, కాలిపోయిన సామాన్లు ముందేసుకుని గంటల తరబడి తిప్పి తిప్పి చూసి నేర్చుకున్నాను. అందుకే షోరూము వాళ్లంటే నాకు మొదటి నుంచీ మంట. సామాను విప్పరు, చేత్తో తాకరు, బండి చుట్టూ ఒకసారి తిరిగి "అసెంబ్లీ మొత్తం మార్చాలి" అంటారు. వాళ్లను నేను తిట్టని రోజు లేదు. ఆ తిట్లు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ ఈ రాస్తున్నది వాళ్ల గురించి కాదు.

టర్బో అంటే ఇంజను వదిలే పొగ బలంతో తిరుగుతూ, ఆ ఇంజనుకే మరింత గాలిని తోసే యంత్రం. లోపల ఒక షాఫ్టు, దాని రెండు కొసల్లో రెండు చక్రాలు. ఒకటి పొగ వైపు, ఒకటి గాలి వైపు. పొగ వైపు చక్రం నిప్పులా కాగుతుంది. షాఫ్టు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది. అంత వేగంలోనూ దాన్ని కాపాడేది షాఫ్టుకూ బేరింగుకూ మధ్య పలచగా ఉండే ఆయిల్ పొర ఒక్కటే. దూరం నుంచి వచ్చిన బండిని నిలపగానే ఇంజను ఆపేస్తే, ఆయిల్ ఆగిపోతుంది. షాఫ్టు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఇంజనును మూడు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపాలి.

ఈ సంగతి మస్తాన్‌కు నేర్పింది నేనే. పెంచలయ్య గారని రొయ్యల వ్యాపారి. ఆయన పది టైర్ల లారీని ఎనిమిదేళ్లుగా మస్తానే నడిపేవాడు.

"మూడు నిమిషాలయిందని నాకు తెలిసేదెట్టన్నా? ఫోను చూసుకుంటా కూచుంటే మూడు గంటలైపోతాది," అని నవ్వాడు ఆ రోజు.

"జాకీ రాడ్ తీసుకో. దిగి పది టైర్లూ కొట్టి గాలి చూసుకో. పదోది కొట్టినాక ఎక్కి ఆపు. నీకు టైర్లూ చూసినట్టుంటుంది, నాకు టర్బో మిగులుతుంది," అన్నాను.

అప్పటి నుంచి అతనికి అదే అలవాటు. లారీ నా షెడ్డు ముందు ఆగితే, లోపల ఉండే నాకు టంగు టంగుమని చప్పుడు వినబడేది. ఆ తర్వాతే ఇంజను ఆగేది.

ఆ ఎండాకాలం లారీ లాగడం లేదని, నల్లపొగ వస్తున్నదని తెచ్చాడు. టర్బో దించాను. షాఫ్టును వేళ్లతో అటూ ఇటూ ఊపి చూశాను. ఆ ఊగులాట బాగా ఎక్కువైంది. డయల్ గేజ్ పెట్టి ఎండ్ ప్లే చూశాను. షాఫ్టు ముందుకూ వెనక్కూ ఎంత జరుగుతున్నదో ముల్లుతో చూపించే పనిముట్టు అది. అదీ హద్దు దాటింది. గాలి చక్రం అంచులు కవచానికి రాసుకుని అరిగాయి. చక్రం మార్చి, బేరింగులు, సీలు రింగులు కొత్తవి వేసి, నెల్లూరు పంపి బ్యాలెన్సు చేయించి తెచ్చాను. షాఫ్టు కొలతకు సరిపోయింది. పాతదే ఉంచాను.

ఇక ఆయిల్ గొట్టం బిగించడమే మిగిలింది. దాని కింద ఆయిల్ కారకుండా పెట్టే పలచటి గ్యాస్కెట్ అట్టపెట్టెలోనే చిరిగి ఉంది. కొత్తది కావాలంటే కావలి పోయి రావాలి. అప్పుడే పెంచలయ్య గారి ఫోను.

"మేస్త్రీ, చెరువులో వల దించేసినారు. బండి యాడ? రొయ్య నీ కోసం ఆగదయ్యా!"

ఆయిల్ దారిలో గ్యాస్కెట్ బదులు పేస్ట్ వాడకూడదని నా షెడ్డులో అడుగుపెట్టిన ప్రతివాడికీ చెప్పాను. ఎక్కువైన పేస్ట్ లోపలికి పొంగి, గట్టిపడి, ఎప్పుడో ఊడి సన్నటి రంధ్రానికి అడ్డం పడుతుంది. అంత చెప్పినవాణ్ణి, ఆ రోజు సిలికాన్ పేస్ట్ పూసి గొట్టం బిగించాను. బండి పోయింది.

ఇరవై రోజులకు సరుకుతో పోతూ వెంకటాచలం దగ్గర నిలిచిపోయింది. టర్బో పట్టేసింది. ఐసు కరిగి కొంత సరుకు మెత్తబడింది. మరుసటి పొద్దున లారీని నా షెడ్డు ముందుకు లాక్కొచ్చారు. పెంచలయ్య గారు కారు దిగుతూనే కేకలు. పక్కన టీ బంకు దగ్గర పదిమంది దాకా లారీల వాళ్లు గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు.

"ఏం మేస్త్రీ, నెల తిరక్కముందే మళ్లా ఎట్టా పోయింది?"

ఒక్క బోల్టు కూడా విప్పలేదు నేను. "ఇంకేముంది, వేడి మీద ఇంజను ఆపుంటాడు," అన్నాను.

మా పనిలో ఇది ఎప్పటి నుంచో ఉన్న దరిద్రపు అలవాటు. ఏది విరిగినా డ్రైవరు మీదికి తోసేయడం. మెకానిక్కుకు పేరుంది, ఓనరుకు బండి ఉంది. మాటకు మాట చెప్పలేనివాడు డ్రైవరే.

మస్తాన్ ముందుకొచ్చాడు. "లేదన్నా. పది టైర్లూ కొట్టే ఆపినా. నువ్వు చెప్పినప్పటి నుంచి ఒక్కసారి తప్పలా."

"ఒక్కసారి తప్పితే చాలు గదా," అన్నాను.

బంకు దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు బాగానే ఉందనిపించింది. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"ఎనిమిదేళ్లు బండి తోలినావు, ఆపడం రాలేదంట్రా నీకు? తాళం ఇట్టియ్యి," అన్నారు పెంచలయ్య గారు. మస్తాన్ తాళం ఇచ్చి, సీటు వెనక నుంచి తన సంచీ తీసుకుని నడిచి పోయాడు.

అందరూ పోయాక విప్పాను. వేడి మీద ఆపిన టర్బో అయితే పొగ వైపు బేరింగు దగ్గర ఆయిల్ మాడి, నల్లటి గట్టి పొర కడుతుంది. గాలి వైపు పెద్దగా దెబ్బ తినదు. ఇక్కడ నల్ల పొరే లేదు. షాఫ్టు రెండు వైపులా నీలం తిరిగి ఉంది. ఇంజను నడుస్తుండగానే ఆయిల్ అందలేదని దాని అర్థం. ఆయిల్ రంధ్రంలో సన్న తీగ పెట్టి లాగాను. సేమ్యా ముక్కంత పేస్ట్ బయటికొచ్చింది.

మొట్టమొదట నేను చేసిన పని, గుమ్మం వైపు చూడటం. ఎవరూ లేరు. షాఫ్టునూ ఆ ముక్కనూ పాత బనీను గుడ్డలో చుట్టి, రేకు డబ్బాలో వేసి, బీరువా వెనక పెట్టాను.

మూడో రోజు మస్తాన్ వచ్చాడు. గట్టిగా కూడా మాట్లాడలేదు. "అన్నా, ఆ షాఫ్టు ఒకసారి చూపీ. నేనేం తప్పు చేసినానో నాకూ తెలియాల గదా."

"పాత ఇనుముకు వేసేసినానబ్బా," అన్నాను.

పేస్ట్ పూయడం తొందరపాటు. విప్పకుండా మాట అనడం పొగరు. ఈ మూడోదానికి నా దగ్గర పేరు లేదు.

తర్వాత అతనికి ఎవరూ లారీ ఇవ్వలేదని విన్నాను. ఆరు నెలలకు జువ్వలదిన్నె దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో జనరేటరు పొగ కక్కుతున్నదంటే చూడబోయాను. అక్కడ కొక్కెంతో ఐసు దిమ్మెలు లాగుతున్నాడు మస్తాన్. "ఒరే టర్బో, ఇటు రెండు దిమ్మెలు!" అని ఎవరో పిలిస్తే పలికాడు. ఆ పేరు ఎక్కడ పుట్టిందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అప్పుడే ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు ఆపుతూనే తాళం తిప్పబోయాడు. "కాసేపు తిరగనీయబ్బా, టర్బో పోతాది!" అని ఐసు గట్టు మీద నుంచి అరిచింది మస్తానే.

నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నిష్ఠూరం ఆడతాడనుకున్నాను.

"అన్నా, ఆ దినం సంగతి శానా యోచన చేసినా. వెంకటాచలానికి ముందు యాడో టీకి ఆపినా గదా, నాలుగు టైర్లు కొట్టేసరికి ఇంటి నుంచి ఫోనొచ్చినట్టుండాది. తిక్కలో ఆపేసినానేమో. ఖాయంగా గుర్తు రావడంలా. నువ్వు చెప్పినావంటే అదే అయ్యుంటాది. నీ కన్ను తప్పదు గదా."

జనరేటరు పని ముగించి ఇంటికి వచ్చేశాను. ఒక మనిషి ఉద్యోగం పోగొట్టానని తెలుసు. తను చేసిన పని తను చేశాననే గుర్తు కూడా అతనిలో పోగొట్టానని అంతవరకూ తెలియలేదు.

మరునాడు పొద్దున డబ్బా తీసుకుని మళ్లీ పోయాను. గుడ్డ విప్పి, రెండు కొసల నీలం చూపించాను. పేస్ట్ ముక్క అతని అరచేతిలో పెట్టాను. "ఇది నేను పూసింది. నీ తప్పు లేదు. విప్పిన రోజే నాకు తెలుసు," అన్నాను.

షాఫ్టు నీలాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు. తిడతాడని ఎదురుచూశాను.

"అయితే నేను పదీ కొట్టినా," అన్నాడు.

"కొట్టినావు."

"ఈ మాట నాకు గాదు మేస్త్రీ. ఆ పొద్దు బంకు కాడ ఎంతమంది నవ్వినారో, వాళ్ల ముందర చెప్పు."

మేస్త్రీ అన్నాడు. ఇన్నేళ్ల పరిచయంలో అన్నా అని తప్ప పిలవనివాడు.

చెప్పాను. టీ బంకు ముందు నిలబడి, షాఫ్టు ఎత్తి చూపించి చెప్పాను. పెంచలయ్య గారినీ పిలిపించాను. "ఇప్పుడెందుకు మేస్త్రీ ఇదంతా? కొత్తోడు బాగానే తోల్తా ఉండాడు," అని ఆయన కారెక్కి పోయారు. ఆ లారీ మస్తాన్‌కు తిరిగి రాలేదు. బంకు దగ్గర ఆ మాట విన్న ఇంకో లారీ ఓనరు నెల తర్వాత అతనికి బండి ఇచ్చాడు.

ఇప్పుడు నా షెడ్డులో ఒకటే పద్ధతి. ఏ టర్బో వచ్చినా డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టి విప్పుతాను. సామాను మొత్తం గుడ్డ మీద పరిచేదాకా ఓనరు ఎంత అరిచినా నోరు విప్పను. అరవై దాటాక నేర్చిన పాఠమని నన్నెవరూ మెచ్చుకోనక్కర్లేదు. దీనికి బడి ఫీజు కట్టింది ఇంకొకడు.

మస్తాన్ తన కొత్త లారీని పనికి నా దగ్గరికే తెస్తాడు. నవ్వడు, టీ తాగమంటే తాగడు. బండి షెడ్డు ముందు నిలిపి, ఇంజను తిరుగుతుండగానే జాకీ రాడ్ తీసుకుని దిగుతాడు. ఒక్కో టైరూ ఊరంతా వినబడేలా కొడతాడు. పదో దెబ్బ పడేదాకా నా చేతిలో పని సాగదు.